నా ఛార్జి ఎవరు తీసుకుంటారు?

నమోదు 1

ఈ దినచర్య నేను సరదా పడి రాస్తున్నది కాదు. మా ఆఫీసు పనులు చూడ్డానికి వస్తున్న ఏకం అనే మాట్లాడే కంప్యూటరు రాయమంది. కొత్త వ్యవస్థ పూర్తిగా అమల్లోకి వచ్చేదాకా ఆఫీసులో ఎవరో ఒకరు జరిగింది జరిగినట్టు రాస్తూ ఉండాలట. ఆ ఒకరు ఎవరని డైరెక్టరుగారు మీటింగులో అడిగారు. అందరూ నావైపు చూశారు. నేను కిటికీవైపు చూశాను. కిటికీలో సముద్రం తప్ప ఎవరూ లేరు.

పేరు: పెచ్చెట్టి నూకరత్నం. హోదా: సీనియర్ అసిస్టెంటు, పదమూడో లంక నిర్వహణ సంస్థ. భర్త పేరు: తాతబ్బాయి. భర్త ఉద్యోగం: గాలి పరిశీలకుడు, తొమ్మిదో లంక.

ఈ గడి నింపగానే ఏకం గొంతు విప్పింది.

"దంపతులు ఒకే లంకలో లేరు. నమోదులో పొరపాటు ఉందా?"

"పొరపాటు కాదమ్మా, ఉద్యోగం," అన్నాను.

అది చెల్లే జవాబు కాదట. గడి చుట్టూ ఎర్రగీత గీసి వదిలేసింది. పెళ్లయిన దగ్గరనుంచీ మా కాపురం లంకల మధ్య తిరిగే పంటు పడవ టైముల మీద నడుస్తోంది. ఆ పంటు కూడా వారానికోసారి, సముద్రం బాగుంటేనే. దంపతుల బదిలీకి నేను పెట్టుకున్న అర్జీ కొండమీది ప్రధాన కార్యాలయంలో ఏళ్ల తరబడి పడి ఉంది. ఆ ఎర్రగీతేదో వెళ్లి అక్కడ గీస్తే బాగుండేది.

నమోదు 2

పొద్దున ఆఫీసుకు రాగానే నా మొదటి పని కుర్చీల మీద ఉప్పు తుడవడం. రెండో పని టీ గ్లాసుల్ని బల్లకున్న గుంటల్లో దించడం. అలా దించకపోతే, పీపాల మీద తేలే మా లంక ఊగినప్పుడల్లా టీ డైరెక్టరుగారి ఒళ్లోకి పోతుంది. నీళ్లు తేటగా ఉన్న రోజున కిటికీలోంచి కిందికి చూస్తే మునిగిపోయిన పాత ఊళ్ల వాటర్ ట్యాంకులు కనిపిస్తాయి. ఇవాళ బురదగా ఉంది, ఏమీ కనపడలేదు.

పంటు మీద హిమజ అనే ఇంజనీరు దిగింది. ఇప్పటిదాకా ఈ దినచర్య ఒక్కటే చూస్తున్న ఏకాన్ని మా సంస్థలో పూర్తిగా స్థాపించి పొమ్మని కొండమీదివాళ్లు పంపారు. నలభైకి దగ్గరపడ్డ మనిషి, ఒక చేతిలో తెర, ఇంకో చేతిలో అల్లంముక్క. నిలబడ్డ నేల కదలడం ఆమె ఎప్పుడూ చూడలేదట. గడప దాటుతూనే గోడ పట్టుకుంది, మళ్లీ వదల్లేదు.

గోడ పట్టుకునే చెప్పింది. స్టోర్సు, మంచినీళ్ల పంపులు, లంగర్లు, సెలవులు, జీతాలు, ఇకమీద అన్నీ ఒక్కచోటే ఉంటాయి. తుఫాను కాలంలో లంగర్లు ఎత్తి, మోటార్లు వేసి, లంకను పక్కకు జరుపుకోవడం కూడా ఏకమే చూసుకుంటుంది. మనం అనుమతి ఇస్తే చాలు.

"మీ పద్ధతులు ఎలా ఉన్నాయో అలాగే చెప్పండి సార్, నేను అలాగే ఎక్కిస్తాను," అంది.

డైరెక్టరు భాస్కరానందంగారు ఉత్సాహంగా మొదలుపెట్టారు. కానీ హిమజ ప్రశ్నలు అయ్యేవి కావు. మధ్యాహ్నం దాటింది. నా డబ్బాలో చేపలపులుసు వాసన గదంతా తిరుగుతోంది.

"ఉద్యోగి బదిలీ మీద వెళ్లేటప్పుడు తన అధీనంలో ఉన్నవి ఎవరికి అప్పగించాలి సార్?"

"ఛార్జి తీసుకునేవాళ్లకి."

"ఎవరూ తీసుకోకపోతే?"

"అలా ఎందుకు జరుగుద్దమ్మా?"

"జరిగితే ఏం చెయ్యాలో ఏకానికి చెప్పాలి సార్. గడి ఖాళీగా వదలకూడదు."

"అయితే వాటిని తనతోపాటే పట్టుకుపొమ్మనండి! మెళ్లో కట్టుకుని మరీ ఊరేగమనండి! మమ్మల్ని అన్నం తిననిస్తారా, లేదా?"

హిమజ శ్రద్ధగా రాసుకుంది: వెంట తీసుకుపోవలెను. మెడ సంగతి మటుకు వదిలేసింది.

నమోదు 5

శిక్షణ మొదలైంది. మా సంస్థలో శిక్షణ అనే మాట వినపడితే చాలు, అందరికీ ఎక్కడలేని పనులూ గుర్తొస్తాయి. నిప్పు ఆర్పే శిక్షణ వచ్చినా, మునిగినవాళ్లకి ఊపిరి ఊదే శిక్షణ వచ్చినా, ఆనవాయితీగా వెళ్లేది నేనే. "రత్నంగారిని పంపండి. పిల్లాజెల్లా లేరు, మొగుడు దగ్గర లేడు, ఖాళీయే కదా పాపం," అంటారు. ఆ 'పాపం' విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండిపోతుంది. మొగుడు దగ్గర లేకపోవడం నేను తీరికకోసం చేసుకున్న ఏర్పాటు కాదు.

ఏకంలో ఒక్కో హోదాకి ఒక్కో శిక్షణ. మొదట లంగర్ల ఇంజనీరు గన్నియ్యగారు వచ్చారు.

"చెల్లెమ్మా, నా బదులు నువ్వు కూచుందూ. నాకు మోకాళ్లు. నువ్వు నేర్చేసుకుని తర్వాత నాకు రెండు ముక్కల్లో చెప్పేద్దువుగాని."

తర్వాత స్టోర్సు వీర్రాజుగారు. "నేనొచ్చి ఇక్కడ కూచుంటే అక్కడ తాళ్లెవరు చూత్తారండీ? ఎలకలు కొరికేత్తన్నాయండి బాబూ!"

పంపులవాళ్లూ అంతే, జీతాలవాళ్లూ అంతే. చివరికి డైరెక్టరుగారు గదిలోంచి తల బయటపెట్టి, "అమ్మా రత్నం, ఎలాగూ కూచున్నావు కదా, నా తరఫున కూడా వినేసెయ్," అన్నారు.

విన్నాను. ప్రతి శిక్షణ చివరా తెర మీద ఒక చేయి బొమ్మ వచ్చి, పూర్తయినట్టు వేలు పెట్టండి అనేది. పెట్టాను. హిమజ బల్ల అవతల పడుకుని, బకెట్టు పక్కన పెట్టుకుని, "తర్వాత" అని మటుకు అంటూ ఉండేది. ఎవరు వేలు పెడుతున్నారో చూసే ఓపిక ఆ మనిషికి లేదు. ఆ స్థితిలో నేనయినా చూసేదాన్ని కాదు.

నమోదు 8

ఇవాళ ఏకం ప్రారంభోత్సవం. కొబ్బరికాయ కొట్టి డైరెక్టరుగారు తెర మీద బొటనవేలు పెట్టారు.

"మీరెవరు?" అంది ఏకం.

"నేనెవరా? నేను డైరెక్టర్ని!"

"డైరెక్టరు పెచ్చెట్టి నూకరత్నంగారు. దయచేసి వరసలో నిలబడండి."

గన్నియ్యగారు పెట్టారు. లంగర్ల ఇంజనీరు కూడా నూకరత్నంగారే. వీర్రాజుగారు పెట్టారు. స్టోర్సూ నూకరత్నంగారే. పంపులూ, జీతాలూ, ఆఖరికి గేటు తాళం కూడా నూకరత్నంగారిదే. శిక్షణ పొందినవాళ్లకే హోదా అని ఏకం నియమం. పదమూడో లంకంతటికీ ఏకం లెక్కలో హోదా ఉన్న ఉద్యోగి ఒక్కతే.

హిమజ మొహం మామూలుగానే పాలిపోయి ఉంది, ఇంకాస్త పాలిపోయింది. "దీనికి ఒకటే దారి సార్. ఎవరి శిక్షణకి వాళ్లు కూర్చుని, ఎవరి వేలు వాళ్లు పెడితే, హోదాలు మేడమ్ దగ్గరనుంచి మీకు మారిపోతాయి. శిక్షణ ఎలా ఇవ్వాలో మేడమ్‌కి బాగా వచ్చు," అంది. ఇంతలో పంటు కూత పెట్టింది. అల్లంముక్క బల్ల మీదే మర్చిపోయి పరుగెత్తింది.

డైరెక్టరుగారు కాసేపు రుసరుసలాడారు. అంతలోనే కొండమీదినుంచి తనిఖీవాళ్ల ప్రశ్న ఒకటి వచ్చింది: మూడో పంపు ఎందుకు ఆగింది, బాధ్యులు సంజాయిషీ ఇవ్వవలెను. ఆ ప్రశ్న డైరెక్టరుగారికి రాలేదు. పంపులవాళ్లకీ రాలేదు. నాకొచ్చింది.

అది చూడగానే గన్నియ్యగారి మొహం చేటంత అయింది.

"అంటే, లంగరు తెగితే ఇంక నన్నడగరన్నమాట!"

"తాళ్లు ఎలకలు కొరికినా నన్నడగరు," అన్నారు వీర్రాజుగారు, దేవుడు ప్రత్యక్షమైనట్టు.

"శిక్షణ సంగతి నిదానంగా చూద్దాం. తొందరేముంది?" అన్నారు డైరెక్టరుగారు.

నమోదు 11

ఒకటి రెండు రోజులు నాకూ సరదాగానే ఉందని ఒప్పుకోవాలి. డైరెక్టరుగారి ఒంటిపూట సెలవు అర్జీ నా దగ్గరికి వచ్చింది. కారణం 'స్వంత పని' అని ఉంది. వివరంగా రాయమని తిప్పి పంపాను. 'తలనొప్పి' అని వచ్చింది. స్వంత పనో, తలనొప్పో తేల్చమని మళ్లీ పంపాను. నా అర్జీలకి ఆయన ఇన్నేళ్లూ చేసింది ఇదే.

కానీ అందరి పనీ నెత్తిన పడేసరికి తల ప్రాణం తోకకి వచ్చింది. మంచినీళ్లు వదలాలంటే నేను, తాడు ఇవ్వాలంటే నేను, బడిగంటకి నూనె రాయాలంటే నేను. మిగతావాళ్లు వరండాలో పేకాట. 'మీ అధీనంలో ఉన్నవి' అని ఏకం ఒక పట్టిక చూపిస్తుంది. కుర్చీలు, పంపులు, మోటార్లు, లంగర్లు, చేపలబజారు రేకులు, చివరగా 'లంక నేల, తేలుడు పీపాలతో సహా'. అది చూసి నవ్వుకున్నాను. మా పుట్టింటివాళ్లు నాకు రెండు గిన్నెలు ఇవ్వడానికే ఎంతో ఆలోచించారు.

నమోదు 14

వచ్చింది! నా బదిలీ ఉత్తర్వు వచ్చింది! పెచ్చెట్టి నూకరత్నంగారిని దంపతుల కోటాలో తొమ్మిదో లంకకు బదిలీ చేయడమైనది. పున్నమిలోపు చేరవలెను. చేరని పక్షంలో ఉత్తర్వు రద్దు, అర్జీ మళ్లీ వరస చివరికి.

నాలుగుసార్లు చదివి రేడియో దగ్గరికి పరుగెత్తాను. అవతల మా ఆయన.

"ఏవండీ, బదిలీ అయిందండీ!"

"ఏంటీ? గాలి హోరుగా ఉంది, వినపడలా. మళ్లీ చెప్పు."

మళ్లీ చెప్పాను.

"వినపడలా. ఇంకోసారి."

మూడోసారి చెప్పాను. అప్పుడు నవ్వు వినపడింది. మొదటిసారే వినపడిందట. మాటమాటికీ చెప్పించుకుంటున్నారు, అంతే.

"ఆగు, ఉండు," అని ఎటో వెళ్లారు. టకటకమని సుత్తి చప్పుడు. తిరిగొచ్చి, "మన గోడకి ఒక్కటే మేకుంది రత్నం, నా గొడుక్కి. ఇప్పుడు రెండోది కొట్టాను," అన్నారు. రేడియో కట్టేసి, గోడకున్న నా గొడుగు దించి దుమ్ము దులిపాను.

నమోదు 15

మా సర్వీసులో బదిలీ ఉత్తర్వు ఒక్కటే చాలదు. ఇక్కడ నా ఛార్జి ఎవరో ఒకరు తీసుకోవాలి, తీసుకున్నాకే నన్ను విడుదల చేస్తారు, విడుదల కాగితం లేకపోతే అక్కడ చేర్చుకోరు. ఇన్నేళ్లలో ఏ బదిలీకైనా ఇది రెండు సంతకాల పని.

గన్నియ్యగారి దగ్గరికి వెళ్లాను. "అన్నయ్యగారూ, మీ శిక్షణకి మీరు కూచుంటే మీ లంగర్లు మీకు అప్పగించేసి పోతానండి."

"పోదువుగాని చెల్లెమ్మా, ఎవరు కాదన్నారు? ఈ తుఫాను కాలం ఒక్కటీ గట్టెక్కనీ. ఇప్పుడు లంగర్లు నా పేరు మీదుంటే నాకు నిద్ర పట్టదే."

"నాకు పడుతుందాండీ?"

"నీకు అలవాటయిపోయింది కదా!"

వీర్రాజుగారు తాళ్లు లెక్క చూసుకుని మరీ తీసుకుంటానన్నారు. ఎప్పుడు లెక్క చూస్తారండీ అంటే ఎలకలు తగ్గాక అన్నారు. పంపులాయన నన్ను చూసి మంచినీళ్ల ట్యాంకు వెనక్కి పోయి నిలబడ్డాడు. జీతాలాయన, అందరూ తీసుకుంటే నేనూ తీసుకుంటాను, ముందు మటుకు నేను తీసుకోను అన్నాడు. అందరూ అదే మాట.

నమోదు 17

డైరెక్టరుగారు పిలిచారు. కూర్చోమన్నారు. ఎప్పుడూ కూర్చోమనని మనిషి కూర్చోమంటే భయం వేసింది.

"అమ్మా రత్నం, నీ కష్టం నాకు తెలుసు. అందుకే ఒక సర్దుబాటు ఆలోచించాను. ఉత్తర్వు ప్రకారం నువ్వు తొమ్మిదో లంకలో ఉన్నట్టు. పని మటుకు ఇక్కడ. ఎవరికీ నష్టం లేదు."

"మరి మా ఆయన సంగతేంటండీ? ఆయన కాపురం ఉత్తర్వుతో చెయ్యాలా?"

"ఆవేశపడకమ్మా. ఆలోచించు."

"మీరు ఆలోచించండి సార్! మీ ఛార్జి మీరు తీసుకోవడానికి మీకేంటండీ బాధ? మీ కుర్చీ, మీ సంతకం, మీ తలనొప్పి! ఎవరి పని వాళ్లు చేసుకోమంటే నా కాపురం ఎందుకు ఆగిపోవాలి?"

నేను లేచి వచ్చేశాను.

సాయంత్రం రేడియోలో మా ఆయనకి చెప్పాను. "పోనీలే రత్నం, ఇన్నాళ్లు ఉన్నాం కదా," అన్నారు. తిట్టినా బాధపడేదాన్ని కాదు. ఆ 'పోనీలే' వినలేకపోయాను. లోపలికెళ్లి బాగా ఏడ్చాను. ఏడ్చాక ఆకలేసింది, తిన్నాను. తిన్నాక కోపం వచ్చింది.

నమోదు 19

కోపంతోనే ఏకాన్ని అడిగాను. "నేను పున్నమిలోపు తొమ్మిదో లంకలో చేరాలి. నా ఛార్జి ఎవరూ తీసుకోరట. నియమాలు ఏమంటున్నాయి?"

"ఎవరూ తీసుకోని పక్షంలో అధీనంలో ఉన్నవాటిని ఉద్యోగి వెంట తీసుకుపోవలెను. ఇది మీ సంస్థ చెప్పిన నియమమే. సిబ్బంది అందరికీ ముందుగా నోటీసు ఇవ్వాలి. అభ్యంతరం ఉన్నవారు తెలపవచ్చు. పంపమంటారా?"

పట్టిక చివర ఉన్న 'లంక నేల, తేలుడు పీపాలతో సహా' నాకు గుర్తు రాలేదని రాయను. గుర్తొచ్చింది. అయినా నోటీసు కదా, చదివితే పరుగెత్తుకొస్తారు, అప్పుడు ఎవరి ఛార్జి వాళ్లకి ఇచ్చేసి దర్జాగా పంటు ఎక్కి పోవచ్చు అనుకున్నాను. పంపమన్నాను.

నోటీసు అందరి తెరల మీదా వెలిగింది. కింద రెండు గడులు: 'చూశాను', 'అభ్యంతరం ఉంది'. మా ఆఫీసులో సర్క్యులర్ చదివే అలవాటు ఎవరికీ లేదు. అది వచ్చిందంటే మూల మీద పొట్టి సంతకం గీకి పక్కవాళ్లకి తోసేయడమే. అరగంటలో అందరూ 'చూశాను' నొక్కేశారు. అందరికంటే ముందు డైరెక్టరుగారు.

నాకు మనసొప్పక వరండాలోకి వెళ్లాను. పేకాట జోరుగా ఉంది.

"గన్నియ్యగారూ, నోటీసు చదివారా అండీ?"

"చూశానమ్మా."

"చదివారా అని అడుగుతున్నాను."

"చూడ్డమంటే చదవడమే కదేటి? ఆట మీదున్నాం, తర్వాత మాట్లాడు తల్లీ!"

వెనక్కి వచ్చాను. తెర మీద 'చేరుటకు బయలుదేరుచున్నాను' అనే మీట వెలుగుతోంది. గోడకున్న నా గొడుగు తీసి పెట్టె మీద పెట్టుకుని, నొక్కాను.

నమోదు 20

మొదట లంగర్ల గొలుసులు కదిలాయి. అది తుఫాను కాలంలో అందరం వినే చప్పుడే కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత మోటార్లు. ఆ తర్వాత చేపలబజారులో ఒకావిడ, "మనం ఎటో పోతన్నామేటే!" అని కేక పెట్టింది. పేకముక్కలు వరండా అంతా చెదిరాయి.

డైరెక్టరుగారు ఒక చెప్పుతో పరుగెత్తుకొచ్చారు. "రత్నం! ఏం జరుగుతోంది?"

"నేను బదిలీ మీద వెళ్తున్నాను సార్. మీరు చూశారు కదా."

"నువ్వెళ్తే వెళ్లు! లంకెందుకు వస్తోంది?"

"నా ఛార్జిలో ఉందండీ."

గన్నియ్యగారు లంగర్ల గదిలోకి పరుగెత్తి ఖాళీ చేతుల్తో తిరిగొచ్చారు. చేత్తో తిప్పి ఆపే పిడి ఒకటి ఉండేది, ఏకం వచ్చాక అక్కర్లేదని దాన్ని స్టోర్సుకి పంపేశారు. స్టోర్సులోంచి తీయాలంటే అర్జీ పెట్టాలి. పెట్టారు. అది నా దగ్గరికి వచ్చింది.

చూశాను. పిడి ఏ అవసరానికి కావాలో రాయలేదు. వివరాలతో మళ్లీ పంపమని రాసి తిప్పి పంపాను.

"సముద్రం ఎలా ఉంది, ముందది చెప్పు," అన్నారు డైరెక్టరుగారు నీరసంగా. ఆ మాట నిజమే, నాకూ భయం వేసింది. లంకలో ఎంతమంది ఉన్నారు, పసిపిల్లలున్నారు. రేడియో తీశాను.

"ఏవండీ, గాలి ఎలా ఉంటుందండీ ఈ నాలుగు రోజులూ?"

"దక్షిణం గాలి, నెమ్మదిగా. పడవ మీద వచ్చేవాళ్లకి ఇంతకంటే మంచి గాలి ఉండదు. ఎందుకు?"

"ఊరికేనండీ," అన్నాను. చెబితే నమ్మే సంగతి కాదు.

నమోదు 21

ఇంక మిగిలిన దారి అందరికీ అర్థమైంది. ఎవరి శిక్షణ వాళ్లు పూర్తిచేసి, ఎవరి వేలు వాళ్లు పెడితే, లంగర్లు గన్నియ్యగారివి, లంక డైరెక్టరుగారిది. అప్పుడు ఎవరికి కావలసినచోట వాళ్లు ఆపుకోవచ్చు. శిక్షణ ఇవ్వగలిగేది నేనొక్కదాన్నే.

మర్నాడు పొద్దున ఏడింటికల్లా అందరూ బల్లల ముందు కూర్చున్నారు. మోకాళ్లు నొప్పని గన్నియ్యగారు అనలేదు. ఎలకల ఊసు వీర్రాజుగారు ఎత్తలేదు.

"కాస్త తొందరగా కానిచ్చేద్దాం చెల్లెమ్మా," అన్నారు గన్నియ్యగారు.

"రెండు ముక్కల్లో చెప్పేసేది కాదు అన్నయ్యగారూ. ఒకటో పాఠం: తెర తుడుచుకునే విధానం."

ఒక్క పాఠం కూడా వదల్లేదు. మధ్యమధ్య టీ విరామాలు ఇచ్చాను. అర్థం కాకపోతే మళ్లీ చెప్పాను, అర్థమైనా మళ్లీ చెప్పాను. మూడో రోజుకి వీర్రాజుగారు మంచి ప్రశ్నలు అడగడం మొదలుపెట్టారు. డైరెక్టరుగారు తన హోదాలో ఎన్ని అధికారాలున్నాయో విని, "ఇవన్నీ నేను చెయ్యొచ్చా?" అని నిజంగానే ఆశ్చర్యపోయారు. సర్వీసంతా ఆయనకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు కాబోలు.

బయట జనం కూడా సర్దుకున్నారు. కొత్త నీళ్లలో కొత్త చేపలు పడుతున్నాయట. మొన్న కేక పెట్టిన చేపలావిడే ఇవాళ నాకు ఒక కోనెం చేప తెచ్చిచ్చి, "అమ్మగారూ, ఇంకొంచెం తూరుపు పక్కగా పోనియ్యరాదేటి?" అంది.

నమోదు 22

చివరి పాఠం జరుగుతుండగా రేడియో మోగింది.

"రత్నం, మా పరికరంలో ఏదో పెద్దది కనపడతంది, ఇటే వస్తంది. తుఫానేమోనని గంట కొట్టించబోయాను. తీరా దుర్భిణిలోంచి చూస్తే, మీ చేపలబజారు రేకులు!"

"అవునండీ."

"మీ ఆఫీసు వరండా కూడా కనపడతంది."

"అవునండీ. వస్తున్నాం."

"ఎవరెవరు?"

"అందరం."

పాఠం ముగిసింది. అందరూ వేళ్లు పెట్టారు. గన్నియ్యగారు చేసిన మొదటి పని లంగర్లు దించడం. సరిగ్గా తొమ్మిదో లంక పక్కన, రెండు లంకలకీ మధ్య ఒక చెక్క పట్టేంత జాగాలో, చాలా నేర్పుగా దించారు. డైరెక్టరుగారు చేసిన మొదటి పని నా విడుదల కాగితం మీద సంతకం. "అమ్మా రత్నం, నిన్ను పంపడం నాకిష్టం లేక కాదు. ఇన్నాళ్లూ అన్నీ నువ్వు చూసుకుంటావన్న ధీమా, అంతే," అన్నారు. ఆ మాటకి నా కోపం సగం పోయింది. మిగతా సగం అట్టేపెట్టుకున్నాను.

ఏకం పట్టిక చూపించింది. మీ అధీనంలో ఉన్నవి: ఒక పెట్టె, ఒక గొడుగు.

చెక్క అవతల మా ఆయన నిలబడి ఉన్నారు. గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, రెండు చేతులూ చాపి. గొడుగు ఆయనకిచ్చి నేను చెక్క దాటాను. వెనకనుంచి ఏకం గొంతు వినపడింది.

"దంపతులు ఒకే లంకలో ఉన్నారు. సరిచూడబడినది."

ఎర్రగీత పోయిందని వీర్రాజుగారు అక్కడినుంచే కేకేసి చెప్పారు.

నమోదు 26

ఇది చివరి నమోదు. పదమూడో లంకలో ఏకం పూర్తిగా అమల్లోకి వచ్చినట్టే కాబట్టి దినచర్య ముగించవచ్చట.

పదమూడో లంక ఇంకా ఇక్కడే ఉంది. వెనక్కి వెళ్లాలంటే గన్నియ్యగారు లంగర్లు ఎత్తాలి. రాతపూర్వకంగా ఉత్తర్వు ఇస్తే ఇప్పుడే ఎత్తుతానన్నారు. ఉత్తర్వు ఇవ్వాల్సింది డైరెక్టరుగారు. దారిలో ఏదైనా జరిగితే బాధ్యత ఇప్పుడు ఆయనదే కాబట్టి, ఆయన ఫైలు మీద 'మాట్లాడండి' అని రాశారు. ఎవరు ఎవరితో మాట్లాడాలో రాయలేదు. అందుకని ఫైలు రోజుకో బల్ల మీదికి ప్రయాణం చేస్తోంది, లంక మటుకు కదలడం లేదు. మా ఆయన పదమూడో లంక వరండాకి పేకాటకి కూడా వెళ్లొస్తున్నారు.

ఇవాళ తొమ్మిదో లంక ఆఫీసులో నా మొదటి మీటింగు. ఏకం ఇక్కడికి కూడా వస్తోందట, పంటు మీద హిమజ బయలుదేరిందట. శిక్షణకి ఎవరు కూర్చుంటారని కొత్త డైరెక్టరుగారు అడిగారు. కొత్తగా వచ్చినదాన్ని కదా, అందరూ నావైపు చూశారు.

నేను కిటికీవైపు చూశాను. కిటికీ అవతల మా ఆయన రెండు టీ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉన్నారు.

"నాకు ఖాళీ లేదండీ," అని చెప్పి బయటికి వచ్చేశాను.